కార్డు ఉంది, మరి మానసిక వైద్యం ఎక్కడ?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: మా తమ్ముడికి 34 ఏళ్లు. స్కిజోఫ్రీనియా అని ఆరేళ్ల కిందట తేల్చారు. ప్రైవేటు క్లినిక్‌లో చూపిస్తున్నాం. ఫీజు, మందులు, రానుపోను ఖర్చులు కలిపి నెలకు మూడు వేల పైనే అవుతోంది. ఆరోగ్యశ్రీ కార్డు చూపిస్తే 'ఇక్కడ చెల్లదమ్మా' అన్నారు. కార్డు తీసుకునే మానసిక వైద్యుల క్లినిక్ మా చుట్టుపక్కల ఎక్కడుంది?
– ఒక పాఠకురాలు, నంద్యాల జిల్లా

జవాబు: ఆ క్లినిక్ వాళ్లు చెప్పింది నిజమే. ఆరోగ్యశ్రీ అయినా (ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు దాని పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ), ఆయుష్మాన్ భారత్ అయినా ప్రధానంగా ఆస్పత్రిలో చేర్చుకుని చేసే వైద్యానికి డబ్బు కట్టే పథకాలు. ఫలానా జబ్బుకు ఇంత అని ప్యాకేజీ ఉంటుంది. రోగి చేరితే ఆ సొమ్ము ఆస్పత్రికి వెళ్తుంది. నెలనెలా వెళ్లి చూపించుకునే ఓపీ, అక్కడ రాసే మాత్రలు ఆ లెక్కలోకి రావు. మానసిక జబ్బుతో ఉన్న ఇళ్లకు ఈ పథకాల్లో పెద్ద లోటు ఇదే. మీ తమ్ముడికి ఏళ్ల తరబడి కావలసింది నెలకోసారి డాక్టరు చూపు, రోజూ మాత్ర. అందుకే కార్డు తీసుకునే క్లినిక్ కోసం తిరగడం మానేసి, కార్డుతో పనే లేని ప్రభుత్వ ఓపీ పట్టుకోండి. కార్డును పడక అవసరమైన రోజుకు దాచుకోండి.

మీకు అందుబాటులో కర్నూలు ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఇది కాక జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ఆస్పత్రుల్లో మానసిక వైద్యులు చూస్తారు. కొన్నిచోట్ల వారంలో కొన్ని రోజులే ఓపీ ఉంటుంది. రోజు తెలుసుకోకుండా వెళ్లి తిరిగి రావడం, ఇక అటు వెళ్లకపోవడం చాలా ఇళ్లలో జరుగుతోంది. ముందే 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన ఉచిత సేవ. 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. దగ్గర్లో ఏ ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లాలో అడగండి. ఆస్పత్రికి రానని మొండికేసే మనిషి ఇంట్లో ఉంటే ఎలా నచ్చజెప్పాలో కూడా అడగవచ్చు. కుటుంబ సభ్యులు ఒక్కరే మాట్లాడినా ఫరవాలేదు.

రాయలసీమ నుంచి చాలామంది నేరుగా బెంగళూరులోని కేంద్ర మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌కు వెళ్తారు. జబ్బు ఏమిటో తేలనప్పుడు, మందులు పనిచేయనప్పుడు వెళ్లడం మంచిదే. కానీ మామూలు మాత్రల కోసం నెలనెలా బస్సెక్కడం ఎక్కువ రోజులు సాగదు. ఒక నెల తప్పుతుంది, మందు ఆగుతుంది, జబ్బు తిరగబెడుతుంది. అక్కడి ఫైలు తీసుకుని కర్నూలులో చూపించినా వైద్యం కొనసాగుతుంది.

మొదటిరోజు పట్టుకెళ్లాల్సినవి: ఆధార్, మొట్టమొదటి చీటీ, అన్నిటికంటే కొత్త చీటీ, ఎప్పుడైనా ఆస్పత్రిలో ఉంచి ఉంటే డిశ్చార్జి కాగితం. వాడుతున్న మాత్రల అట్టలు పేరు, మిల్లీగ్రాములు కనిపించేలా ఉండాలి. కాగితంలో పొట్లం కట్టిన విడి మాత్రలు చూసి ఏ డాక్టరూ ఏమీ చెప్పలేరు. ఇంకో తెల్లకాగితం మీద జబ్బు ఎప్పుడు మొదలైంది, ఏ మందుకు తగ్గింది, దేనికి చేతులు వణికాయి, దేనికి బరువు పెరిగింది, షుగర్, థైరాయిడ్, ఫిట్స్ ఉన్నాయా, మద్యం, గంజాయి అలవాటుందా అన్నవి రాయండి. ప్రభుత్వ ఓపీలో ఒక్కో రోగికి దొరికే సమయం కొద్ది నిమిషాలే. ఆ కాగితం ఉంటే డాక్టరు ఆ నిమిషాలు మనిషిని చూడటానికి వాడతారు. అతనితోపాటే ఇంట్లో ఉండేవాళ్లు వెంట వెళ్లాలి. అతనికి చిన్నప్పుడు తెలిసిన దూరపు బంధువు వెళ్తే లాభం లేదు.

ఆస్పత్రి మారేటప్పుడు ఎక్కువగా దెబ్బ తినేది మందుల దగ్గర. పాత మాత్రలు అయిపోయాక కొత్తచోటికి వెళ్లకండి. కనీసం 15 రోజుల మందు చేతిలో ఉండగానే వెళ్లండి. ప్రభుత్వ మందుల కౌంటరులో కంపెనీ పేరు దొరకదు, మందు పేరుంటుంది: రిస్పెరిడోన్, ఓలాంజపిన్, ట్రైహెక్సీఫెనిడిల్ వంటివి. అట్ట రంగు మారిందని మానేయడం, రెండూ ఒకటేనని తెలియక పాతదీ కొత్తదీ కలిపి వేయడం, రెండూ ప్రమాదమే. కౌంటరు దగ్గరే ఆగి ఏది దేనికి బదులో అడిగి, అట్ట మీద రాయించుకోండి. క్లోజపిన్ వాడుతుంటే మొదటి 18 వారాలు వారానికోసారి తెల్ల రక్తకణాల పరీక్ష ఉంటుంది, ఆ రిపోర్టులన్నీ ఫైల్లో ఉండాలి. జ్వరం, గొంతునొప్పి వస్తే తర్వాతి ఓపీ దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పాలి.

మందు లేదంటే అక్కడితో ఊరుకోకండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017, 18వ సెక్షన్ ప్రకారం అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్న మానసిక వ్యాధి మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచి పై స్థాయి ప్రభుత్వ ఆస్పత్రులన్నిటిలో ఉచితంగా దొరకాలి. సూపరింటెండెంటుకు అర్జీ ఇవ్వండి. మందు పేరు, మోతాదు, లేదన్న తేదీ రాసి, రెండో ప్రతి మీద సంతకం తీసుకోండి. అది వచ్చేదాకా జన్ ఔషధి దుకాణంలో అదే మందు పేరుతో కొనుక్కోండి. ఒక్క పూట కూడా ఆపకండి.

ప్రశ్న: పటాన్‌చెరు దగ్గర కంపెనీలో పనిచేస్తున్నాను. జీతం 18 వేలు, ఈఎస్ఐ కోత ఉంది. డిప్రెషన్‌తో నెలన్నరగా డ్యూటీకి వెళ్లలేకపోతున్నాను. ఈఎస్ఐలో మానసిక వైద్యం ఉంటుందా? జీతం పోయినట్టేనా?
– పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: ఓపీకి, మందులకు, పడకకు, పోయిన జీతానికి కూడా పనికొచ్చే ప్రభుత్వ బీమా ఈఎస్ఐ. ఇన్ని సదుపాయాలున్నా మానసిక జబ్బుకు దీన్ని వాడుకునేవాళ్లు తక్కువ. దరఖాస్తు చేస్తే కంపెనీలో అందరికీ తెలిసిపోతుందన్న భయం ఒక కారణం.

మీ కార్డు మీద రాసి ఉన్న డిస్పెన్సరీకి ముందు వెళ్లండి. అక్కడి డాక్టరు మానసిక వైద్యుడికి రిఫరల్ రాస్తారు. సనత్‌నగర్ ఈఎస్ఐ మెడికల్ కాలేజీ ఆస్పత్రికి గానీ, మీకు దగ్గర్లోని రామచంద్రాపురం ఈఎస్ఐ ఆస్పత్రికి గానీ పంపుతారు. రిఫరల్ లేకుండా నేరుగా ప్రైవేటుకు వెళ్లి, తర్వాత బిల్లు ఇస్తే డబ్బు రావడం కష్టం. భార్యాపిల్లలకు, మీ మీద ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంటుంది.

ఇక జీతం. మామూలు అనారోగ్య భృతి రోజు వేతనంలో 70 శాతం, ఏడాదికి 91 రోజుల వరకు. దానికి సంబంధించిన ఆరు నెలల చందా కాలంలో కనీసం 78 రోజులకు చందా కట్టి ఉండాలి. ఆ 91 రోజులూ చాలకపోతే దీర్ఘవ్యాధుల జాబితా ఉంది. మొత్తం 34 జబ్బులు. అందులో స్కిజోఫ్రీనియా, మానిక్ డిప్రెసివ్ సైకోసిస్ (బైపోలార్‌కు పాత పేరు), ఎండోజీనస్ డిప్రెషన్ (బయటి కారణం లేకుండా లోపలి నుంచే వచ్చే డిప్రెషన్), డిమెన్షియా ఉన్నాయి. వీటికి వేతనంలో 80 శాతం, రెండేళ్ల వరకు పొడిగించవచ్చు. దీనికి రెండేళ్లు వరుసగా బీమా ఉద్యోగంలో ఉండి, నాలుగు చందా కాలాల్లో కలిపి 156 రోజులకు చందా ఉండాలి.

ఇక్కడ చిక్కు మాట దగ్గర వస్తుంది. సర్టిఫికెట్ మీద 'ఒత్తిడి', 'నిద్రలేమి' అని రాస్తే అది దీర్ఘవ్యాధుల జాబితాలోకి రాదు. మీ జబ్బు నిజంగా ఆ జాబితాలోదేనా అని మానసిక వైద్యుడిని అడిగి, అవునంటే పూర్తి పేరు రాయమనండి. ఇంట్లో ఉన్న నెలన్నరకు సర్టిఫికెట్ లేకపోతే ఆ రోజులు పోతాయి, అందుకే రేపే డిస్పెన్సరీకి వెళ్లండి. ఇప్పటిదాకా ప్రైవేటులో చూపించుకుని ఉంటే ఆ చీటీలు కూడా పట్టుకెళ్లండి. భయం విషయానికొస్తే, మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 చట్టంలోనే 23వ సెక్షన్ చెబుతోంది.

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు, బైపోలార్ జబ్బు. ఈసారి ఎక్కువైంది, చేర్చాలన్నారు. వరంగల్‌లో ఒక ఆస్పత్రి బయట ఆరోగ్యశ్రీ బోర్డు ఉంది, లోపల మాత్రం అడ్వాన్సు కట్టమన్నారు. ఎలా?

జవాబు: బోర్డు ఉన్నంతమాత్రాన అన్ని జబ్బులకూ ఉన్నట్టు కాదు. ఆస్పత్రిని ఒక్కో వైద్య విభాగానికి విడిగా పథకంలో చేరుస్తారు. గుండె వైద్యానికి చేరిన ఆస్పత్రి మానసిక వైద్యానికి చేరి ఉండకపోవచ్చు. బయలుదేరే ముందు 104కి ఫోన్ చేసి అడగండి: ఈ ఆస్పత్రి మానసిక వైద్య విభాగానికి నమోదైందా? డాక్టరు రాసిన ఈ జబ్బుకు ప్యాకేజీ ఉందా? ఉంటే ప్రైవేటులోనూ వర్తిస్తుందా, ప్రభుత్వ ఆస్పత్రికే పరిమితమా? ఆస్పత్రికి వెళ్లాక మొదట ఆరోగ్యమిత్ర (పథకం తరఫున రోగులకు సాయపడే ఉద్యోగి) బల్ల దగ్గరికి వెళ్లండి, బిల్లింగ్ కౌంటరుకు కాదు. ముందస్తు అనుమతి వచ్చాక అడ్వాన్సు అడిగితే రశీదు ఇవ్వమని, ఆ మాట కాగితం మీద పెట్టమని అడగండి. ఇవ్వకపోతే అక్కడి నుంచే 104కి ఫిర్యాదు చేయండి.

రేషన్ కార్డులో, ఆధార్‌లో పేరు ఒకేలా ఉందో ఇవాళే చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ఉండి ఒకచోట లేకపోవడం వల్ల అనుమతి ఆగిపోతుంది. అర్ధరాత్రి అంబులెన్సులో అది సరిచేయడం కుదరదు.

అనుమతి రాకపోయినా ఆగొద్దు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక విభాగం ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రి ప్రభుత్వానిదే. అమ్మ వద్దంటున్నా చేర్చాల్సిన పరిస్థితి వస్తే అదే 2017 మానసిక ఆరోగ్య చట్టం 89వ సెక్షన్ కింద నామినీ ప్రతినిధి (రోగి తన తరఫున మాట్లాడటానికి ఎంచుకున్న మనిషి) దరఖాస్తుతో చేర్చవచ్చు. తనకు గానీ ఇతరులకు గానీ హాని ఉందనో, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉందనో వైద్యులు పరీక్షించి రాయాలి. అది 30 రోజుల వరకే. ఆమె బాగున్న రోజుల్లోనే ప్రతినిధిగా ఎవరుండాలో తెల్లకాగితం మీద రాయించి సంతకం చేయించుకుంటే, తర్వాత అన్నదమ్ముల మధ్య తగువు ఉండదు. లిథియం వాడుతుంటే రక్తపరీక్ష ఆఖరి మాత్ర వేసిన 12 గంటల తర్వాత ఇవ్వాలి. పొద్దున మాత్ర వేసుకుని వెళ్తే అంకె తప్పుగా వస్తుంది.

ప్రశ్న: బైపోలార్‌కు నిరామయ బీమాలో ఓపీ ఖర్చులు కూడా వస్తాయని ఒకాయన చెప్పి, దరఖాస్తుకు డబ్బు అడుగుతున్నాడు. కట్టమంటారా?

జవాబు: వద్దు. నిరామయ ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికే. మానసిక జబ్బు అందులో లేదు. మీరు అడగాల్సింది వైకల్య ధ్రువపత్రం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో మానసిక వ్యాధి కూడా వైకల్యమే. ఐడియాస్ అనే కొలతతో లెక్కగట్టి 40 శాతం, ఆపైన ఉంటే పింఛను వంటి వాటికి దారి దొరుకుతుంది.

ప్రశ్న: మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. ఉద్యోగం పోయి మెడికెయిడ్ మీద ఉన్నాడు. తీవ్ర ఆందోళనతో బాధపడుతున్నాడు. జాబితాలో ఉన్న క్లినిక్‌లు ఫోన్ చేస్తే తీసుకోవడం లేదంటున్నాయట. ఖమ్మం నుంచి మేమేం చేయగలం?

జవాబు: అక్కడి చిక్కు మనకు తలకిందులు. మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవారికి అమెరికాలో ఉన్న ప్రభుత్వ బీమా) ఓపీకి డబ్బు కడుతుంది, చూసే క్లినిక్కే దొరకదు. బీమా జాబితాలో పేరున్నా కొత్త రోగులను ఆపేసిన చోట్లు ఎన్నో. 'మెడికెయిడ్ తీసుకుంటారా' అన్న ప్రశ్న చాలదు. కార్డు మీదున్న ప్లాన్ పేరు చెప్పి, 'ఈ ప్లాన్‌తో కొత్త రోగులను ఇప్పుడు తీసుకుంటున్నారా? మొదటి పరిచయ అపాయింట్‌మెంట్ ఎప్పుడు? మందు రాసే డాక్టరు ఎప్పుడు చూస్తారు?' అని అడగాలి. చివరి రెండిటికీ మధ్య వారాల తేడా రావచ్చు. ఆలోగా మామూలు ఫ్యామిలీ డాక్టరే మందు మొదలుపెట్టవచ్చు.

ఫోన్ చేసిన ప్రతి క్లినిక్ పేరు, తేదీ, జవాబు రాసి పెట్టుకోమనండి. ఆ కాగితంతో కార్డు వెనకున్న సభ్యుల నంబరుకు ఫోన్ చేసి, తన కోసం వాళ్లనే వెతికిపెట్టమనాలి. నెట్‌వర్క్‌లో సకాలంలో ఎవరూ దొరక్కపోతే బయటి వైద్యుడికి ప్లానే కట్టాలన్నది ఫెడరల్ నిబంధన. ప్రభుత్వ సాయంతో నడిచే కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు మెడికెయిడ్ తీసుకుంటాయి, చాలాచోట్ల మానసిక వైద్యం కూడా ఉంటుంది. అమెరికా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ నంబరు 1-800-662-4357లో 24 గంటలూ ఉచితంగా చిరునామాలు చెబుతారు. ఇంగ్లిష్‌లో మనసు విప్పలేకపోతే తెలుగు దుభాషి కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగాలి, దానికి డబ్బు తీసుకోకూడదు. ఆసుపత్రికి వెళ్లివచ్చే వాహనం కూడా మెడికెయిడ్‌లో ఉంటుంది, ముందుగా బుక్ చేసుకోవాలి.

మీరు ఫోన్ చేసి వివరాలడిగితే క్లినిక్ చెప్పదు, అతను పెద్దవాడు. మీతో మాట్లాడవచ్చని మొదటిరోజే సంతకం పెట్టమని చెప్పండి. బతకాలని లేదన్న మాట వస్తే క్లినిక్ దొరికేదాకా చూడకుండా వెంటనే అక్కడి ఆత్మహత్య నివారణ నంబరు 988కి ఫోన్ చేయమనండి. పక్కన ఉండగల స్నేహితుడి నంబరు మీ దగ్గర ఉంచుకోండి.