శనగ ఎండుతుంటే మందు కొట్టే ముందు మొక్కని తవ్వి చూడండి

అడిగింది ఇదీ: "మద్దిపాడు దగ్గర నల్లరేగడిలో జేజీ-11 శనగ వేశాం. 40 రోజుల పైరు. అక్కడక్కడ మొక్కలు ఎండిపోతున్నాయి. ఏ మందు కొట్టమంటారు?"

మందు సంగతి తర్వాత. ఎండిన మొక్కలు ఓ నాలుగు, వాడుముఖం పట్టినవి ఓ నాలుగు పారతో తవ్వి తీయండి. చేత్తో లాగితే వేరు లోపలే తెగిపోతుంది, చూడాల్సిందంతా మట్టిలోనే ఉండిపోతుంది.

ముందు మొదలు చూడండి. నేలను ఆనుకున్న చోట కాడ కుళ్ళి, తెల్లటి బూజు, అందులో ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తే అది మొదలుకుళ్ళు. తడి ఎక్కువైన నేలలో, కుళ్ళని చెత్త మిగిలిన చోట నెలా నెలన్నర లోపు పైరుకి వస్తుంది. బూజు లేదు, వేరు పైకి శుభ్రంగానే ఉంది, కానీ రెమ్మలు వేలాడిపోయాయంటే బ్లేడుతో మొదలు నుంచి వేరు దాకా నిలువునా చీల్చండి. మధ్యలో ముదురు గోధుమ రంగు చార, ఒక్కోసారి నల్లచార, కనిపిస్తే ఎండు తెగులు. ఇక మూడోది వేరుకుళ్ళు. పిల్లవేళ్ళు రాలిపోయి తల్లివేరు ఒక్కటే మోడులా మిగులుతుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది. మొక్క మొత్తం గడ్డి రంగుకి తిరుగుతుంది. పూత, కాయ దశలో నేలలో పదును (తేమ) ఆరిపోయి, ఎండ 30 డిగ్రీలు దాటితే ఇది విజృంభిస్తుంది.

మీది జేజీ-11 అంటున్నారు. అది ఎండు తెగులుని తట్టుకునే రకం. కాబట్టి నా అనుమానం మిగతా రెంటి మీదే. ఏళ్ళ తరబడి ఇంటి విత్తనమే తిప్పి తిప్పి వేస్తుంటే మాత్రం అందులో జేజీ-11 ఎంతుందో దేవుడికే తెలియాలి.

మన ప్రకాశం, నెల్లూరు వైపు చిక్కంతా వానలతోనే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి ముసురులో రేగడి చేను చూడండి. సాళ్ళ మధ్య నీళ్ళు నిలబడి వేరుకి ఊపిరాడదు, పైరు పసుపెక్కుతుంది, మొదలుకుళ్ళు అప్పుడే అందుకుంటుంది. పోయింది కదా అని డిసెంబరులో మళ్ళీ విత్తితే కాయ ఊరే వేళకి ఫిబ్రవరి, మార్చి ఎండలొస్తాయి, అప్పుడు వేరుకుళ్ళు. అందుకే నవంబరు దాటాక శనగ వేయడం నాకిష్టం లేదు. కాస్త పల్లం పొలమైతే విత్తిన రోజే మురుగు కాలవలు తీయాలి. తుఫాను కబురొచ్చాక కాదు.

ఇప్పుడు చేయగలిగింది కొంచెమే. చచ్చిన మొక్కల్ని మట్టితో సహా తీసి గట్టు మీద కాకుండా దూరంగా కాల్చేయండి. మొదలుకుళ్ళయితే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి, ఎండిన చోటు చుట్టూ ఉన్న పచ్చి మొక్కల మొదళ్ళు తడిసేలా పోయండి. వేరుకుళ్ళయితే, నీళ్ళుంటే ఒక పలచటి తడి. రేగడిలో తడి ఎక్కువైతే పైరు ఆకుగా పెరుగుతుంది తప్ప కాయ పట్టదు.

మందుల షాపులో మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. తెగులు వేరులో, స్ప్రే ఆకు మీద! పైగా తెగులు మందు, పురుగు మందు, టానిక్కు మూడూ ఒకే ట్యాంకులో. దూరం నుంచి చూసి ఎండు తెగులనుకున్నది ఒక్కోసారి పచ్చరబ్బరు పురుగు పని. మొదటి నెలలో ఆకులో పచ్చదనం గీకేసి తెల్లటి జల్లెడలా మిగులుస్తుంది. అదైతే లీటరుకి 0.4 గ్రాముల ఎమామెక్టిన్ బెంజోయేట్ చాలు.

అసలు వైద్యం విత్తకముందే. కిలో విత్తనానికి 1.5 గ్రాముల టెబుకొనజోల్ పొడి గానీ, తెగులు శిలీంధ్రాల్ని అణిచే 8 నుంచి 10 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి గానీ పట్టించాలి. రెండూ కలపకూడదు, ట్రైకోడెర్మా కూడా శిలీంధ్రమే, ఆ మందుకి అది చస్తుంది. నీడన ఆరాక, విత్తే ముందు ఎకరా విత్తనానికి 200 గ్రాముల రైజోబియం (గాలిలో నత్రజనిని పైరుకి అందించే బాక్టీరియా పొడి) బెల్లం నీళ్ళతో పట్టించండి. ఏటా తెగులొచ్చే చేనైతే 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా కలిపి తడి చల్లి, నీడలో గోనెలు కప్పి వారం పది రోజులు మాగబెట్టి, పదునున్నప్పుడు ఎకరాకి చల్లండి. ఎండు పొడి నేల మీద చల్లితే దండగ.

కాక్-2 లాంటి తెల్ల శనగకి తోలు పలచన, తడినేలలో విత్తనమే కుళ్ళుతుంది, దానికి విత్తనశుద్ధి మానడమంటే డబ్బు పారేసుకోవడమే. 

ఎండు తెగులు శిలీంధ్రం పైరు లేకపోయినా నేలలో ఆరేళ్ళకి పైగా బతుకుతుంది. ఆ తెగులొచ్చిన చేలో వచ్చే ఏడు జొన్నో మొక్కజొన్నో వేయండి, మళ్ళీ శనగ వద్దు. కౌలు పొలమైతే అడ్వాన్సు ఇచ్చే ముందే గత మూడేళ్ళూ అందులో ఏం వేశారో అడగండి. యజమాని చెప్పకపోతే పక్కచేను రైతు చెబుతాడు.