విమ్ రిఫరెన్స్ మాన్యువల్‌ను సరిదిద్దాలంటే

ప్రశ్న: మా ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబులో ఉబుంటు 22.04 ఆపరేటింగ్ సిస్టమ్ మీద విమ్ అనే టెక్స్ట్ ఎడిటర్ వాడుతున్నాము. ఇంటర్నెట్‌లో ఉన్న రిఫరెన్స్ మాన్యువల్‌లో ‘స్మూత్‌స్క్రోల్’ అనే ఆప్షన్ గురించి చదివి ప్రయత్నిస్తే, అటువంటి ఆప్షన్ లేదంటూ ఈ518 అనే సంఖ్యతో సందేశం వచ్చింది. మాన్యువల్‌లో తప్పు ఉందని రాసి పంపవచ్చునా?
— ఒక విద్యార్థిని, పటమట, విజయవాడ

జవాబు: పంపకండి. మాన్యువల్ చెప్పినదీ నిజమే, మీ తెర మీద కనిపించినదీ నిజమే. ఉబుంటు 22.04తో వచ్చేది విమ్ 8.2. స్మూత్‌స్క్రోల్ ఆప్షన్ 9.0 విడుదలైన తరువాత ప్యాచ్‌గా, అంటే చిన్న సవరణగా చేరి, 2024 జనవరిలో వచ్చిన 9.1లో భాగమైంది. ఇంటర్నెట్‌లో దొరికే మాన్యువల్ సాధారణంగా తాజా కూర్పుకు చెందినది కనుక, సందేహం వచ్చినప్పుడు ఎడిటర్ లోపలే హెల్ప్ ఆదేశం ఇచ్చి, ఆ యంత్రంలో ఉన్న ప్రతినే చదవాలి. ఉబుంటుతో ముందుగా వచ్చే విమ్-టైనీ అనే చిన్న కూర్పులో హెల్ప్ ఫైళ్లు ఉండవు. పూర్తి విమ్ ప్యాకేజీని వేయించుకోండి.

ఆ ప్రతికీ ఎడిటర్ ప్రవర్తనకూ పొంతన కుదరనప్పుడే మాన్యువల్‌ను అనుమానించాలి. అప్పుడైనా ‘క్లీన్’ స్విచ్‌తో, అంటే మన సొంత సెట్టింగులేవీ చదవకుండా విమ్‌ను తెరిచి, మరొకసారి పరీక్షించాలి. ఆ సెట్టింగులు ఉండే విమ్‌ఆర్‌సీ ఫైలులో ఎప్పుడో రాసి మరిచిపోయిన ఒక పంక్తి చేసిన పనికి మాన్యువల్ మాట పడే సందర్భాలు తక్కువేమీ కావు.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఒక ఆప్షన్ గురించి విమ్ రిఫరెన్స్ మాన్యువల్ ఇచ్చిన వివరణలో నిజంగానే లోపం ఉన్నట్లు మీరు చెప్పిన తరహాలోనే పరీక్షించి నిర్ధారించుకున్నాను. దానిని సరిచేసేటప్పుడు ఏ పద్ధతులు పాటించాలి?
— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: విమ్‌కు రెండు మాన్యువల్స్ ఉన్నాయి. యూజర్ మాన్యువల్ పాఠం చెబుతుంది. రిఫరెన్స్ మాన్యువల్ ఉన్నది ఉన్నట్లు నమోదు చేస్తుంది. మీరు సరిచేయబోయేది రెండవది కాబట్టి అందులో సలహాలకూ మెప్పులకూ చోటు లేదు.

పంక్తి వెడల్పుకు పరిమితి పెట్టే ‘టెక్స్ట్‌విడ్త్’ ఆప్షన్‌నే చూడండి. మొదటి పంక్తిలో దాని పేరు, ‘టీడబ్ల్యూ’ అనే పొట్టి పేరు, విలువ ఒక సంఖ్య అన్న సమాచారం, మనం ఏమీ పెట్టకపోతే ఆ విలువ సున్నా అన్న సంగతి ఉంటాయి. దాని కింద, ఈ ఆప్షన్ ఒక్కొక్క బఫర్‌కు, అంటే ఎడిటర్‌లో తెరిచిన ఒక్కొక్క ఫైలుకు, విడివిడిగా వర్తిస్తుందని ఉంటుంది. ఆ తరువాతనే వివరణ మొదలవుతుంది. పని మధ్యలో హెల్ప్ తెరిచేవారిలో చాలామందికి కావలసినవి ఆ పై వరుసలే కాబట్టి, ముందుగా వాటిని సోర్స్ కోడ్‌లోని ఆప్షన్ల పట్టికతో పోల్చి, ఆ తరువాతనే కింది వాక్యాల జోలికి వెళ్లండి. ఒకే ఆప్షన్ ప్రస్తావన క్లుప్త సూచిక అయిన క్విక్‌రెఫ్ ఫైలులోనూ, ఆప్షన్ల విండోను చూపే ఆప్ట్‌విన్ స్క్రిప్టులోనూ, కొన్నిసార్లు యూజర్ మాన్యువల్‌లోనూ వస్తుంది. ఒకచోట సరిచేసి మిగిలిన చోట్ల వదిలేస్తే, మాన్యువల్ తనతో తానే విభేదిస్తుంది. అది మొదటి తప్పు కంటే ఎక్కువ చికాకు పెడుతుంది.

హెల్ప్ ఫైలు సాదా టెక్స్టే అయినా దాని కట్టుబాట్లు దానికి ఉన్నాయి. పంక్తి 78 అక్షరాలు దాటకూడదు. రెండు నక్షత్రం గుర్తుల మధ్య రాసిన మాట ట్యాగ్, అంటే ఆ చోటికి చేర్చే గుర్తు, అవుతుంది, రెండు నిలువు గీతల మధ్య రాసినది ఆ ట్యాగ్‌కు లింకు అవుతుంది. ఉదాహరణ కోడ్ ఇచ్చేటప్పుడు ముందు పంక్తి చివర ‘>’ గుర్తు, కోడ్ ముగిసిన తరువాతి పంక్తి మొదట్లో ‘<’ గుర్తు పెట్టాలి. మార్పు ముగించి ట్యాగ్‌ల జాబితాను తయారుచేసే హెల్ప్‌ట్యాగ్స్ ఆదేశం నడిపితే, ఒకే ట్యాగ్ రెండుచోట్ల ఉన్న పక్షంలో ఈ154 అనే సందేశం వస్తుంది. పేరు అందంగా లేదని పాత ట్యాగ్‌ను మాత్రం మార్చకండి. ఎన్నో ప్లగిన్ల (విమ్‌కు అదనంగా చేర్చుకునే ప్రోగ్రాముల) హెల్ప్ ఫైళ్లు ఆ పేరుతోనే లింకు ఇచ్చి ఉంటాయి. కొత్త పేరు తప్పనిసరైతే రెండు ట్యాగ్‌లనూ పక్కపక్కనే ఉంచవచ్చు.

భాష విషయంలో నా అభిప్రాయం కొంత కఠినమైనదే. బ్రామ్ మోలెనార్ 1991లో విమ్‌ను తొలిసారి విడుదల చేసి, 2023 ఆగస్టులో మరణించేవరకు దాని బాధ్యత మోశారు. మాన్యువల్‌లోని చాలా వాక్యాలు ఆయన చేతిమీదుగా వచ్చినవి. పొడిగా, పొట్టిగా ఉండే ఆ వాక్యాలను నునుపు చేయాలన్న ఉబలాటం చాలామందికి కలుగుతుంది. అర్థం మారనప్పుడు వాటిని ముట్టుకోకపోవడమే మేలు, ఎందుకంటే శైలి సవరణలతో కలిసిపోతే అసలు దిద్దుబాటు ఏదో పరిశీలకుడికి కనిపించదు. ఫైలు మొదటి పంక్తిలోని చివరి మార్పు తేదీని సరిచేసి, ఒక పుల్ రిక్వెస్ట్‌లో (మార్పును చేర్చమని కోరే అభ్యర్థనలో) ఒకే విషయం ఉండేటట్లు పంపండి. ఏ కూర్పులో, ఏ ఆదేశాలు ఇస్తే ఏమి జరిగిందో అందులో రాయడం మరువకండి.

ప్రశ్న: ఈ మాన్యువల్‌ను తెలుగులోకి తెచ్చే వీలుందా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మంగళగిరి

జవాబు: ఉంది. మూలం పక్కనే అనువాద ఫైళ్లను ఉంచే ఏర్పాటు విమ్‌లో ఉంది; ‘హెల్ప్‌లాంగ్’ ఆప్షన్ ద్వారా భాషను ఎంచుకోవచ్చు. ట్యాగ్‌లను మాత్రం ఇంగ్లీషులోనే వదిలేయాలి. మొదటి పంక్తిలో ఇంగ్లీషేతర అక్షరాలు కనిపిస్తేనే విమ్ ఆ ఫైలును యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఉన్నదిగా గుర్తిస్తుంది కాబట్టి, ఏ కూర్పుకో తెలిపే ఆ శీర్షికను కూడా తప్పక తెలుగు చేయాలి. అయితే రిఫరెన్స్ మాన్యువల్ తరచుగా మారుతూ ఉంటుంది, దాని వెంట పడి దిద్దేవారు లేకపోతే అనువాదం త్వరలోనే పాతబడుతుంది. కనుక యూజర్ మాన్యువల్‌తో మొదలుపెట్టడం మంచిదని నా సూచన.

మనకు ఎదురయ్యే ఒక చిక్కు కూడా ఉంది. అనువాద ఫైలు పొడిగింపు పేరు, భాషకున్న రెండక్షరాల సంకేతానికి చివర ‘ఎక్స్’ చేర్చగా వస్తుంది. తెలుగు సంకేతం ‘టీఈ’ కనుక మన ఫైళ్లకు వచ్చే పొడిగింపు సరిగ్గా పత్రాల ముద్రణ అమరికకు వాడే టెక్, లేటెక్ ఫైళ్లదే అవుతుంది. హెల్ప్ ఆదేశంతో కాక మామూలుగా తెరిస్తే విమ్ దానిని టెక్ ఫైలుగానే భావిస్తుంది. అందువల్ల ప్రతి ఫైలు చివరా ఫైల్‌టైప్ ‘హెల్ప్’ అని తెలిపే మోడ్‌లైన్ (ఆ ఫైలుకు వర్తించే సెట్టింగుల పంక్తి) రాయండి.