ముందు అన్న అప్పా, నోటు అప్పా?

ప్రశ్న: మాది అనంతపురం పాతూరు. వయసు 36. మా ఆయన పోయి రెండున్నరేళ్లయింది. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి ఐదో తరగతి. టవర్ క్లాక్ దగ్గర బట్టల షాపులో పని, జీతం 11,500. ఇంట్లో మిషన్ మీద జాకెట్లు కుడితే సగటున 6,000 వస్తుంది. పింఛను 4,000. అద్దె 4,000తో కలిపి ఇంటి ఖర్చు 11,000 అవుతోంది. ఆయన ఆస్పత్రి ఖర్చులకు ఇద్దరం ప్రామిసరీ నోటు మీద సంతకాలు పెట్టి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన 1,20,000 అట్లే ఉంది. 26 నెలలుగా వడ్డీ మాత్రం కడుతున్నాను. 12 గ్రాముల గాజులు 2023 నుంచి ప్రైవేటు ఫైనాన్సులో రెండు రూపాయల వడ్డీకి కుదువలో ఉన్నాయి, దాని మీద 45,000. డ్వాక్రా లోను ఇంకా 38,000 ఉంది, నెలకు 2,000 కడతాను. మైక్రోఫైనాన్సుకు నెలకు 2,400, ఇంకా ఏడు కంతులు. ధర్మవరంలో మా అన్న వడ్డీ లేకుండా ఇచ్చిన దాంట్లో 60,000 ఉంది. వదిన దగ్గర మాట పడకూడదని నెలకు 2,000 తప్పకుండా పంపుతున్నాను. ఇవి కాక మా ఆయనకు 40,000 ఇచ్చానని ఆయన స్నేహితుడు ఒకాయన తిరుగుతున్నాడు, కాగితమేమీ లేదు. మూడు లక్షల లోను ఇప్పిస్తా, అన్నీ ఒకేసారి కట్టేయమంటున్నాడు ఒక ఏజెంటు. తీసుకోమంటారా? లేకపోతే ముందు ఏది తీర్చాలి?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, రెండోసారి క్యాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని. నోటు వడ్డీ 3,600, గాజుల వడ్డీ 900, డ్వాక్రా 2,000, మైక్రోఫైనాన్స్ 2,400, అన్నకు 2,000. నెలకు 10,900 ఇట్లా పోతోంది. ఇంటి ఖర్చు 11,000 కలిపితే 21,900. వచ్చేది 21,500. సగటు నెలలోనే నాలుగు వందలు తక్కువ. ఇక ఆషాఢంలో మిషన్ ఖాళీగా ఉన్నప్పుడు ఎంత తక్కువ పడుతుందో నాకన్నా మీకే తెలుసు. మైక్రోఫైనాన్స్ అప్పు ఎందుకు పుట్టిందో మీరు రాయలేదు కానీ, ఆ కొరత పూడ్చడానికే అయ్యుంటుంది. మైక్రోఫైనాన్స్ ఇచ్చేవాళ్లకు రిజర్వ్ బ్యాంకు 2022లో ఒక హద్దు పెట్టింది. ఇంటి మొత్తం కంతులు నెల ఆదాయంలో సగం దాటకూడదు. మీకు సగమంటే 10,750. ఆ గీత మీరు దాటేశారు.

ఏజెంటు మాట ముందు తేల్చేద్దాం. వద్దు. మీ జీతానికి బ్యాంకు మూడు లక్షలు ఇవ్వదు, ఇచ్చేది ఏదో ప్రైవేటు ఫైనాన్స్. ఏడాదికి 26 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకున్నా నెల కంతు 12,000 దాటుతుంది. ఇప్పుడు కట్టే 10,900కే ఊపిరాడటం లేదు కదా. పైగా వడ్డీ లేని అన్న అప్పును, తక్కువ వడ్డీ డ్వాక్రా అప్పును కూడా తీసుకుపోయి 26 శాతం వడ్డీలో కలిపినట్టవుతుంది. లోను శాంక్షన్ కావాలంటే ముందు ఇంత కట్టండి అని ఆ ఏజెంటు అడిగితే మాత్రం ఫోను పెట్టేయండి, అది లోనే కాదు.

ఇప్పుడు అసలు సంగతి. మీరు అప్పులు తీరుస్తున్న వరుస మొహమాటం నిర్ణయించింది. వడ్డీ లేని అన్నకు ప్రతి నెలా అసలులోంచి 2,000 పోతోంది. మూడు రూపాయల వడ్డీ నోటుకు అసలులోంచి ఒక్క రూపాయి పోవడం లేదు. నూటికి మూడు అంటే చెవికి చిన్నగానే వినిపిస్తుంది, ఏడాదికి అది 36 శాతం. 26 నెలల్లో మీరు కట్టిన వడ్డీ 93,600. లక్షా ఇరవై వేల అప్పులో ముప్పావు వంతుకు పైగా వడ్డీకే కట్టారు, బాకీ మాత్రం వచ్చిన రోజున్నంతే ఉంది. అన్నకు పంపే రెండు వేలు నోటు అసలుకు పోతే, మరుసటి నెల నుంచి నెలకు 60 రూపాయల వడ్డీ తగ్గుతుంది. అన్నకు పంపితే తగ్గే వడ్డీ సున్నా.

అందుకని అన్నతో ఒకసారి కూర్చుని మాట్లాడండి. ఫోన్లో కాదు, ధర్మవరం వెళ్లి, వదిన ఉన్నప్పుడే. పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్ లేదు కాబట్టి ఛార్జీ బాధ కూడా లేదు. ఈ లెక్క కాగితం మీద రాసి చూపించండి. "ఏడాదిన్నర ఆగు అన్నా, ఆ తర్వాత నెలకు ఐదు వేల చొప్పున పన్నెండు నెలల్లో ఇచ్చేస్తా" అని తేదీ వేసి రాసివ్వండి. నోటిమాటగా ఆగమంటే వదినకు అనుమానం రావడం సహజం. రాతలో తేదీ ఉంటే అది వేరు.

అదే రోజు అన్నను ఇంకో సాయం అడగండి, ఒక్కపూటకు 45,000. ఎందుకో చెప్తాను.

మీ గాజులు 2023లో కుదువ పెట్టారు. అప్పటికి ఇప్పటికి బంగారం ధర రెట్టింపు దాటింది. కానీ ఫైనాన్సు వాళ్లు మీకిచ్చిన డబ్బు పాత ధర మీద ఇచ్చింది. గ్రాము పదివేలని తక్కువగానే లెక్కేసుకుందాం. 12 గ్రాములకు 1,20,000. బ్యాంకు అందులో 75 శాతం ఇచ్చినా 90,000. బ్యాంకుల్లో బంగారు లోను వడ్డీ ఏడాదికి 9, 10 శాతం దగ్గర ఉంటుంది, మీరిప్పుడు కడుతున్నది 24. చిక్కేమిటంటే, గాజులు చేతిలో ఉంటేనే బ్యాంకు తూకం వేస్తుంది, 45,000 కడితేనే ఫైనాన్సు వాళ్లు గాజులిస్తారు. అందుకే అన్న. పొద్దున ఫైనాన్సులో కట్టి గాజులు విడిపించుకోవడం, అక్కడి నుంచి నేరుగా బ్యాంకుకు పోవడం, సాయంత్రానికి అన్న డబ్బు అన్న చేతికి ఇచ్చేయడం. ముందురోజే ఫైనాన్సుకు వెళ్లి వడ్డీ, ఛార్జీలతో కలిపి మూసేయడానికి సరిగ్గా ఎంతవుతుందో రాయించుకోండి. గాజుల్లో రాళ్లు, లక్క ఉంటే బ్యాంకు ఆ బరువు తీసేస్తుంది, రెండు మూడు వేలు తగ్గవచ్చు.

అన్నకు తిరిగిచ్చాక మీ చేతిలో 45,000 మిగులుతుంది. అది ఇంటికి తీసుకెళ్లకండి. నోటాయన దగ్గరికి తీసుకెళ్లండి. అసలుకు కడితే బాకీ 75,000కు దిగుతుంది, నెల వడ్డీ 3,600 నుంచి 2,250కి. బ్యాంకులో 90,000కు పది శాతం లెక్కన నెలకు 750. ఇంతకుముందు ఈ రెండింటికీ కలిపి 4,500 పోయేది, ఇప్పుడు 3,000. డబ్బు చేతిలో ఉంది కదా, కట్టే ముందే ఒక మాట అడగండి: "45 వేలు ఇప్పుడే అసలుకు కడతాను, మిగిలినదానికి రెండు రూపాయలు చేయండి." వడ్డీ ఒక్కటే తీసుకోవడానికి అలవాటుపడిన మనిషి, అసలు కళ్ల ముందు కనిపిస్తే మెత్తబడతాడు. ఒప్పుకోకపోయినా మీకు పోయేదేమీ లేదు, నా లెక్క మూడు రూపాయలకే వేశాను.

గాజులు అమ్మేస్తే పోలేదా అని మీరు అడగలేదు, నేనే చెప్తాను. లెక్క ప్రకారం అమ్మడమే లాభం. ఫైనాన్సు బాకీ పోగా చేతికి వచ్చే డబ్బుతో నోటు 45,000 దాకా దిగుతుంది, కుదువ వడ్డీ ఉండదు. కానీ అమ్మాయి కోసమని దాచిన గాజులై ఉంటాయి, నేను బలవంతపెట్టను. ఒక షరతు మాత్రం ఉంది. బ్యాంకులో పెట్టాక ఆ 750 ప్రతి నెలా కడుతూ, ఏడాదికి లోను రెన్యువల్ చేయించుకోవాలి. రెండు మూడు నెలలు వరసగా కట్టలేని పరిస్థితి వస్తే వేలం దాకా పోనివ్వకుండా మీరే మంచి ధరకు అమ్మేయండి.

నోటు గురించి ఇంకాస్త చెప్పాలి, ఎక్కువమంది మోసపోయేది ఇక్కడే. కట్టిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించండి. తేదీ, కట్టిన మొత్తం, అది అసలుకా వడ్డీకా, ఆయన సంతకం. "మనలో మనకు ఎందుకమ్మా" అంటాడు. అయినా రాయించండి. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల కాలదోషం ఉంటుంది, అంటే గడువు దాటితే దాని మీద కోర్టుకు పోలేరు, కాబట్టి గడువు దగ్గరపడితే నోటు తిరగరాద్దాం అంటాడు. రాసేటప్పుడు వడ్డీని అసలులో కలిపారేమో చూడండి, పాత నోటు చేతికి తీసుకుని చించాకే కొత్తదాని మీద సంతకం పెట్టండి. మా నాన్న శనక్కాయ పెట్టుబడికి రెండు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చి, వాన రాక కట్టలేక రెండుసార్లు నోటు తిరగరాశాడు. మూడేళ్ల వడ్డీ కలిపితే మొదటిసారి 17,200, రెండోసారి 29,584. ఆ చివరి నాలుగు రూపాయలు కూడా కాగితం మీద రాసి ఉండటం నాకింకా గుర్తుంది.

ఇప్పుడు కొత్త నెల చూద్దాం. నోటు వడ్డీ 2,250, బ్యాంకు 750, డ్వాక్రా 2,000, మైక్రోఫైనాన్స్ 2,400, మొత్తం 7,400. ఇంటి ఖర్చు 11,000తో కలిపి 18,400. మీ ఇంటి ఖర్చులో తగ్గించమని చెప్పడానికి నాకేమీ కనబడలేదు. ముగ్గురికి ఏడు వేలల్లో తిండి, కరెంటు, ఆటో, మందులు నడిపేవాళ్లకు పొదుపు గురించి నేను చెప్పేదేముంది. ఒకటే మార్చండి. బడ్జెట్ సగటు నెల మీద వేయొద్దు, ఆషాఢం మీద వేయండి. ఆ నెల మిషన్ మీద 3,500 వచ్చిందనుకున్నా మొత్తం 19,000, ఖర్చు 18,400. అంటే ఎంత డల్ నెలలోనైనా కొత్త అప్పు అక్కర్లేదు. శ్రావణంలో, దసరాకు, పెళ్లిళ్ల సీజన్లో మిషన్ మీద ఎక్కువొచ్చిందంతా నోటు అసలుకే. అది ఇంటి ఖర్చులో కలిస్తే మళ్లీ కనబడదు, అందుకని జాకెట్ల డబ్బుకు వేరే డబ్బా పెట్టండి.

సగటు నెలలో 3,100 మిగులుతుంది. 600 అత్యవసరానికి పక్కన పెట్టి, 2,500 నోటుకు. ఏడు నెలల తర్వాత మైక్రోఫైనాన్స్ 2,400 కూడా వచ్చి దీంట్లో కలుస్తుంది. తల్లికి వందనం ఇద్దరికీ పడితే మీ ఖాతాకు 13,000 చొప్పున 26,000. పిల్లల స్కూలు ఖర్చుకు పదివేలు ఉంచి 16,000 నోటుకు కట్టండి. ఇట్లా పోతే పద్నాలుగు, పదిహేను నెలలకు నోటు చేతికొస్తుంది. జ్వరాలు, పండగలు, చుట్టాల పెళ్లిళ్లు ఉంటాయి కాబట్టి ఏడాదిన్నర అని అన్నకు చెప్పమన్నాను.

డ్వాక్రా కంతు ఒక్క నెల కూడా ఆపొద్దు. మీరు ఆపితే ఆ భారం గ్రూపులో మిగతావాళ్ల మీద పడుతుంది, పైగా రేపు అవసరమైతే మీకు చవగ్గా దొరికే అప్పు అదొక్కటే. మైక్రోఫైనాన్స్ వాళ్లు రాత్రిళ్లు ఇంటి ముందు నిలబడుతుంటే, పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు రాకూడదని రిజర్వ్ బ్యాంకు రూల్ ఉందని చెప్పండి. ముందు ఆ కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో తేలకపోతే ఫిర్యాదులు తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నారు, వివరాలకు 14448 నంబరు.

స్నేహితుడి 40,000 సంగతి. భర్త ఒక్కడే చేసిన అప్పుకు, ఆయన వదిలిన ఆస్తి మీ చేతికి ఎంత వచ్చిందో అంతవరకే మీ బాధ్యత. మీ జీతం, మీ మిషన్, మీ పుట్టింటి బంగారం దాంట్లోకి రావు. నోటు మీద మీ సంతకం ఉంది కాబట్టి అది మీ అప్పు. దీని మీద లేదు. ఇప్పుడు ఆయన ఏ కాగితం తెచ్చినా, "ఊరికే గుర్తు కోసం" అన్నా సంతకం పెట్టకండి. ఆయన నిజంగానే ఇచ్చాడని మీ మనసుకు తెలిస్తే అన్న తర్వాత వరుసలో పెట్టుకోండి, అది మీ ఇష్టం.

ఒక పని మాత్రం రేపే చేయండి. మీ ఆయన బ్యాంకు పాస్‌బుక్ వెతకండి. ఆయన పోకముందు మే నెలాఖరు ఎంట్రీల్లో 436 రూపాయలు కట్ అయిన లైను ఉందేమో చూడండి. ఉంటే అది ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా, నామినీకి రెండు లక్షలు. చాలామందికి అకౌంటు తెరిచినప్పుడు సంతకం పెట్టిన సంగతే గుర్తుండదు. ఆలస్యమైంది ఇస్తారో ఇవ్వరో అని మీరే తేల్చేసుకోకుండా, మరణ ధ్రువీకరణ పత్రంతో బ్రాంచికి వెళ్లి అడగండి. దొరికితే నోటు ఆ వారమే తీరిపోతుంది. దొరుకుతుందని నా లెక్కలో మాత్రం కలపలేదు. మీ పేరు మీద కూడా అదే బీమా 436కు, ప్రమాద బీమా 20కి, రెండూ చేయించండి. పిల్లలకు ఇప్పుడున్నది మీరొక్కరే. నామినీగా పిల్లల పేరు రాస్తే వాళ్లు మైనర్లు కాబట్టి, వాళ్ల తరఫున డబ్బు తీసుకునే పెద్దవాళ్ల పేరు కూడా రాయాలి. అక్కడ అన్న పేరు రాస్తారో, వదిన పేరు రాస్తారో మీరే ఆలోచించుకోండి. నేనైతే వదిన పేరు రాసి, ఆ సంగతి ఆమెకు చెప్పేవాణ్ని.

45,000 కట్టి చెల్లు రాయించాక నోటు వెనకవైపు ఫోన్లో ఫొటో తీసి అమ్మాయి ఫోనుకో, అన్న ఫోనుకో కూడా పంపించి ఉంచండి.