మా ఆవిడది ఓ నెగటివ్, నాది బి పాజిటివ్.. కాన్పుకి రక్తం ఎవరిస్తే మంచిది?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా ఆవిడకు ఇప్పుడు అయిదో నెల. మొదటి కాన్పు. తన కాలేజీ ఐడీ కార్డు మీద ఓ పాజిటివ్ అని ఉంది, ఇప్పుడు ఆసుపత్రిలో చూస్తే ఓ నెగటివ్ అన్నారు. నాది బి పాజిటివ్. కాన్పు టైముకి దాతను చూసి పెట్టుకోమన్నారు. మా బామ్మర్దిది కూడా ఓ నెగటివే, తనే ఇస్తానంటున్నాడు. మా అమ్మేమో గ్రూపులు చూసుకోకుండా పెళ్లి చేశాం, బిడ్డకేమవుతుందోనని ఒకటే కంగారు పడుతోంది. ఓ నెగటివ్ వాళ్లు అందరికీ ఇవ్వొచ్చంటారు కదా, మరి వాళ్లకు రక్తం దొరకడం ఎందుకంత కష్టం? అవసరమైతే నేను ఇవ్వకూడదా?
- ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: ముందు మీ అమ్మగారి టెన్షన్ సంగతి చూద్దాం. జాతకాలతో పాటు బ్లడ్ గ్రూపులు కూడా చూడటం ఈమధ్య ఎక్కువైంది గానీ, భార్యాభర్తల గ్రూపులు కలవాలన్న నియమం వైద్యంలో ఎక్కడా లేదు. ఇద్దరిదీ ఒకటే అయినా పిల్లలకు ఇబ్బంది లేదు, వేరైనా లేదు. ముఖ్యంగా జాగ్రత్త పడాల్సింది తల్లి నెగటివ్, తండ్రి పాజిటివ్ అయినప్పుడు. మీది అదే కేసు, నిజమే. కానీ దానికి 1968 నుంచీ ఇంజెక్షన్ ఉంది, టైముకి వేయిస్తే చాలు. దాని గురించి కింద వివరంగా రాస్తాను.

ఇప్పుడు ఆ ఐడీ కార్డు. కాలేజీల్లో, క్యాంపుల్లో గ్రూపు చూసేది ఎక్కువగా స్లైడు మీద. మూడు చుక్కల రక్తం వేసి ఒకదానిలో నీలం రంగు యాంటీ-ఎ, ఇంకోదానిలో పసుపు రంగు యాంటీ-బి, మూడోదానిలో రంగు లేని యాంటీ-డి కలిపి పుల్లతో తిప్పుతారు. కణాలు ముద్దలు కట్టి చుక్క విరిగిన పాలలా కనిపిస్తే ఆ యాంటిజెన్, అంటే గ్రూపును తేల్చే ఎర్రకణం మీది గుర్తు, ఉన్నట్టు, నున్నగా అలాగే ఉంటే లేనట్టు. డి ఉంటే పాజిటివ్, లేకపోతే నెగటివ్. మీ ఆవిడ రక్తంలో మూడు చుక్కలూ నున్నగానే ఉండాలి. కానీ ఒకేసారి వందమందికి చేస్తున్నప్పుడు చూడటం కాస్త ఆలస్యమైతే చుక్క అంచులు ఆరిపోయి ముద్దకట్టినట్టే కనిపిస్తాయి. పేర్లు తారుమారయ్యే అవకాశం సరేసరి. ఇవేవీ కాకుండా 'వీక్ డి' అని ఒకటుంది, అంటే డి యాంటిజెన్ ఉంటుంది గానీ బాగా తక్కువగా, అందుకని ఒక ల్యాబులో పాజిటివ్, ఇంకో ల్యాబులో నెగటివ్ అని వస్తుంటుంది. అందుకే ఐడీ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు చూసి ఎవరూ రక్తం ఎక్కించరు. మీరు చేయాల్సింది బ్లడ్ బ్యాంకులో ట్యూబు పద్ధతిలో, కణాలూ సీరమూ (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) రెండూ చూసేలా మరోసారి గ్రూపింగ్ చేయించడం. అది తేలేదాకా ఆవిడను నెగటివ్ అనుకునే చూడాలి.

అందరికీ ఇవ్వగలిగిన వాళ్లకే ఎందుకు దొరకదన్నారు, చాలా మంచి ప్రశ్న. ఓ నెగటివ్ ఎర్రకణాల మీద ఎ, బి, డి మూడూ ఉండవు కాబట్టి ఎవరి ఒంట్లోకి వెళ్లినా వీటి వల్ల గొడవ రాదు. కానీ పుట్టిన కొన్ని నెలలకే ఓ గ్రూపు వాళ్ల ప్లాస్మాలో (రక్తంలో కణాలు తీసేస్తే మిగిలే ద్రవంలో) యాంటీ-ఎ, యాంటీ-బి అనే యాంటీబాడీలు, అంటే పరాయి కణాల మీద దాడి చేసేవి, తయారైపోతాయి, కాబట్టి వాళ్లకు ఎ, బి, ఏబీ కణాలేవీ పడవు. ఇక డి కణాలు ఒకసారి లోపలికి వెళ్తే దానిక్కూడా యాంటీబాడీలు పుట్టొచ్చు. అలా ఆవిడ ఎవరికైనా ఇవ్వగలదు, తీసుకోవాలంటే మాత్రం ఓ నెగటివ్ ఒక్కటే. మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కువమందిది ఓ, ఆ తర్వాత బి. నెగటివ్ వాళ్లు నూటికి అయిదుగురు, అటూ ఇటూగా. అందులోనూ ఓ నెగటివ్ అంటే నూటికి ఇద్దరు కూడా ఉంటారో లేదో. పైగా గ్రూపు తెలియని యాక్సిడెంట్ కేసు వస్తే బ్లడ్ బ్యాంకు ముందు తీసేది కూడా ఆ ప్యాకెట్టే.

ఈ లెక్కలన్నీ ఎర్రకణాలకే అని గుర్తుంచుకోండి. ప్లాస్మాకు వచ్చేసరికి అంతా తిరగబడుతుంది. అందులో యాంటీబాడీలే ఉండని ఏబీ వాళ్లది అందరికీ పనికొస్తుంది, ఓ వాళ్లది ఓ వాళ్లకే. కాన్పులో రక్తస్రావం ఎక్కువై ప్లాస్మా ఎక్కించాల్సి వస్తే మీ ఆవిడకు ఏ గ్రూపుదైనా నడుస్తుంది. ఆ సమయంలో నర్సు ఏబీ అని రాసున్న ప్యాకెట్ తెచ్చిందని గొడవ పెట్టుకోకండి.

ఇక మీ బామ్మర్ది. సొంత తమ్ముడో అన్నో ఇస్తానంటే ఎవరికైనా అదే మంచిదనిపిస్తుంది, కానీ మేము అంత తేలిగ్గా ఒప్పుకోం. రక్తంలో ఎర్రకణాలతో పాటు దాత తెల్లకణాలు కూడా కొన్ని వెళ్తాయి. బయటివాళ్లవైతే మన శరీరం పరాయివని గుర్తుపట్టి చంపేస్తుంది. తోబుట్టువులవి, తల్లిదండ్రులవి దగ్గర పోలికలతో ఉండటం వల్ల ఒక్కోసారి గుర్తుపట్టలేకపోతుంది, అప్పుడు అవి లోపల పెరిగి చర్మం, కాలేయం, పేగులు, ఎముక మజ్జ మీద పడతాయి. ఇది చాలా అరుదు, నిజం. కానీ వచ్చిందంటే నూటికి 90 మందికి పైగా బతకరు. దాత రక్తాన్ని ముందుగా రేడియేషన్‌కు గురిచేస్తే ఈ ప్రమాదం పోతుంది గానీ ఆ సదుపాయం అన్ని బ్లడ్ బ్యాంకుల్లో లేదు. అందుకని ఆయన్ని చివరి ఆసరాగా ఉంచుకుని, చుట్టరికం లేని ఓ నెగటివ్ వాళ్లను ఇద్దరు ముగ్గుర్ని చూసుకోండి. ఆయన రక్తం వృథా పోదు, బ్లడ్ బ్యాంకులో ఇస్తే ఇంకొకరికి వెళ్తుంది, ఆ స్టాకులో ఉన్న బయటివాళ్ల ప్యాకెట్ మీ ఆవిడకు పనికొస్తుంది. అలా ఇస్తానంటే, తోబుట్టువుకు కాదు స్టాకుకు అని ముందే చెప్పి ఇవ్వమనండి.

మీరు ఇవ్వొచ్చా అన్నారు. మీ బి పాజిటివ్ ఆవిడకు ఎలాగూ పడదు. ఒకవేళ గ్రూపు కలిసినా సరే, పిల్లలు కావాలనుకునే వయసులో భర్త రక్తం భార్యకు ఎక్కించకపోవడమే మంచిది. ఎ, బి, డి కాకుండా ఎర్రకణాల మీద ఇంకా చాలా యాంటిజెన్లుంటాయి. మీవాటికి ఆవిడ ఒంట్లో యాంటీబాడీలు పుడితే, మీ పోలికలతో వచ్చే తర్వాతి బిడ్డ కణాల మీద అవి దాడి చేస్తాయి. స్టాకులోంచి ఇచ్చినదానికి బదులుగా మీరు ఇవ్వొచ్చు, దానికి గ్రూపుతో పని లేదు. అయితే రిప్లేస్‌మెంట్ పద్ధతిని మెల్లగా మానేయాలనే 2002 నాటి జాతీయ రక్త విధానం చెబుతోంది. ప్రాసెసింగ్ ఫీజు తప్ప రక్తానికి రేటంటూ ఉండదు. సుప్రీంకోర్టు 1996 తీర్పు తర్వాత 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తమివ్వడం నిషిద్ధం, గేటు బయట ఎవరైనా బేరం పెడితే ఆ రక్తం జోలికే పోవద్దు.

దాత దొరికాడు కదా, నొప్పులు రాగానే ఫోన్ చేద్దాంలే అని మాత్రం కూర్చోకండి. ఇచ్చిన రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేయాలి, ఆ తర్వాత క్రాస్ మ్యాచ్, అంటే దాత రక్తం ఆవిడ రక్తంతో పడుతుందో లేదో చూడటం, చేయాలి, వీటన్నిటికీ గంటలు పడుతుంది. అప్పటికప్పుడు ప్రాణం కాపాడేది ఫ్రిజ్‌లో రెడీగా ఉన్న ప్యాకెట్టే తప్ప లేబర్ రూమ్ బయట నిలబడ్డ మనిషి కాదు. అలాగని ఇప్పుడే ఇప్పించి దాచుకుందామన్నా కుదరదు. ఎర్రకణాలు నిల్వ ఉండేది వాడిన ద్రావణాన్ని బట్టి 35 నుంచి 42 రోజులే, మీకింకా నాలుగు నెలలుంది. ఎనిమిదో నెల దాటాక మీ ఆసుపత్రి వాడే బ్లడ్ బ్యాంకుకు వెళ్లి, ఓ నెగటివ్ కాన్పు కేసు ఉందని తేదీతో సహా చెప్పి రండి. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఉందో ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-రక్తకోష్‌లో కూడా కనిపిస్తుంది. దాతలుగా అనుకున్నవాళ్లను చివరిసారి ఎప్పుడిచ్చారో అడగండి, మగవాళ్లకు 90 రోజులు, ఆడవాళ్లకు 120 రోజులు గ్యాప్ ఉండాలి. బరువు కనీసం 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి.

అసలు రక్తమే అవసరం రాకుండా చూసుకోవడం అన్నిటికంటే మేలు. మీ ఆవిడ హిమోగ్లోబిన్ ఎంతో మీరు రాయలేదు. గర్భిణికి కనీసం 11 ఉండాలి. తొమ్మిదితో లేబర్ రూముకి వెళ్లిన మనిషికి కాస్త రక్తస్రావమైనా ఎక్కించక తప్పదు, పన్నెండుతో వెళ్లినామె అదే రక్తస్రావాన్ని తట్టుకుంటుంది. గవర్నమెంటు ఆసుపత్రిలో ఇచ్చే ఎర్ర ఐరన్ మాత్రలు బాగానే పనిచేస్తాయి, కానీ టీతోనో పాలతోనో వేసుకుంటే సగం దండగ. మధ్యలో గంటా రెండు గంటలు ఎడం పెట్టమనండి.

ఒక పక్క మాట. రిపోర్టులో ఓ అనే ఉండి, ఎన్ని ఓ ప్యాకెట్లు పెట్టి చూసినా క్రాస్ మ్యాచ్ కుదరకపోతే అది బాంబే గ్రూపేమో చూడాలి. 1952లో బొంబాయిలో డాక్టర్ భెండే బృందం గుర్తించింది. ఎ, బి లకు పునాది అయిన హెచ్ యాంటిజెన్ కూడా వీళ్లకు ఉండదు, అందుకే మామూలు ఓ రక్తం కూడా పడదు, బాంబే గ్రూపు వాళ్లదే కావాలి. మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరు. తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ ఆ జన్యువు రావాలి కాబట్టి మేనరికాల్లో అవకాశం కాస్త పెరుగుతుంది. మీ ఆవిడకు ఇది ఉందని అనుకోవడానికి కారణమేమీ లేదు. కణాలతో పాటు సీరం కూడా చూడమన్నది ఇలాంటివి ముందే బయటపడతాయనే.

ఇప్పుడు ఇంజెక్షన్. కాన్పప్పుడు బిడ్డ రక్తం కొంత తల్లిలోకి వెళ్తుంది. బిడ్డ పాజిటివ్ అయితే తల్లి ఒంట్లో యాంటీ-డి యాంటీబాడీలు పుట్టొచ్చు, ఏ ఇంజెక్షనూ లేకపోతే నూటికి 16 మంది దాకా ఇలా అవుతుంది. అవి పుట్టడానికి టైము పడుతుంది కాబట్టి మొదటి బిడ్డ సాధారణంగా తప్పించుకుంటుంది, దెబ్బ రెండో బిడ్డకు తగులుతుంది. అందుకని 28 వారాలకు, అంటే ఏడో నెలలో, 300 మైక్రోగ్రాముల యాంటీ-డి ఇంజెక్షన్ ఒకటి, బిడ్డ పాజిటివ్‌గా పుడితే 72 గంటల్లోపు ఇంకొకటి. మధ్యలో రక్తం కనిపించినా, పొట్టకు దెబ్బ తగిలినా, కిందపడినా అదే రోజు వెళ్లాలి. ఒకవేళ ఎప్పుడైనా అబార్షన్ అయినా ఇది వర్తిస్తుంది, చాలామంది అక్కడే మర్చిపోతారు. ఆస్ట్రేలియాలో జేమ్స్ హారిసన్ అని ఒకాయన ఈ ఇంజెక్షన్ తయారీకి పనికొచ్చే ప్లాస్మా ఇవ్వడానికే 1,173 సార్లు రక్తదానం చేశారు, 81 ఏళ్లొచ్చేదాకా ఆపలేదు.

మీ బిడ్డది బి గ్రూపైతే ఇంకో విచిత్రం ఉంది. తల్లిలోకి వచ్చిన ఆ కణాలను ఆవిడ యాంటీ-బి ముందే చంపేస్తుంది కాబట్టి యాంటీ-డి పుట్టే అవకాశం బాగా తగ్గుతుంది. అలాగని ఇంజెక్షన్ మానేస్తే మాత్రం తప్పు, పూర్తిగా పోయే ప్రమాదం కాదది. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. ఓ గ్రూపు తల్లికి బి బిడ్డ పుడితే మొదటి కాన్పులోనే బిడ్డకు కామెర్లు రావొచ్చు. మొదటి 24 గంటల్లో పచ్చబడితే ఎండలో పెడితే పోతుందని చూడొద్దు, వెంటనే పిల్లల డాక్టరుకి చూపించాలి. చాలామందికి నీలం లైటు కింద పెడితే తగ్గిపోతుంది. అన్నట్టు, బిడ్డకు ఓ వచ్చినా కంగారు పడొద్దు, మీలో బి తో పాటు ఓ జన్యువు దాగి ఉంటే అది మామూలే. అలాగే నెగటివ్ కూడా.

ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ఐసీటీ, అదే ఇన్‌డైరెక్ట్ కూంబ్స్ టెస్ట్ (ఆవిడ రక్తంలో ఇలాంటి యాంటీబాడీలు ఇప్పటికే పుట్టాయేమో చూసేది) చేశారా అని అడగండి. నెగటివ్ వస్తే ఇంజెక్షన్ తేదీ ఫైలు మీద రాయించుకోండి. పాజిటివ్ వస్తే ఏ యాంటీబాడీయో కూడా చూడమనండి. అది యాంటీ-డి అయితే ఇంజెక్షన్ ఇక పనిచేయదు, హైదరాబాద్‌లో ఫీటల్ మెడిసిన్ నిపుణులకు చూపించాలి. బిడ్డ మెదడులోని రక్తనాళంలో రక్తం ఎంత వేగంగా పారుతోందో డాప్లర్ స్కాన్‌లో చూస్తూ, బిడ్డకు రక్తం తగ్గుతోందేమో కనిపెడుతుంటారు. రిపోర్టులు వచ్చాక హిమోగ్లోబిన్ అంకెతో సహా మళ్లీ రాయండి.