టర్న్‌టేబుల్‌ని (రికార్డు ప్లేయర్‌ని) కంప్యూటర్ స్పీకర్లకి కలిపితే సౌండ్ ఎందుకంత చిన్నగా వస్తోంది?

వైర్ కరెక్ట్‌గానే పెట్టాను, వాల్యూమ్ ఫుల్ పెట్టినా పాట ఎక్కడో దూరం నుంచి వినిపిస్తోంది, బేస్ అస్సలు లేదు అన్నారు కదా, స్పీకర్లు పాడవలేదండి, మధ్యలో ఫోనో ప్రీయాంప్ (ప్లేయర్ సిగ్నల్‌ని పెంచే చిన్న సర్క్యూట్) లేదు అంతే. మామూలు కార్ట్రిడ్జ్ (సూది ఉండే భాగం) ఇచ్చే సిగ్నల్ 3 నుంచి 5 మిల్లీవోల్టులే, ఫోన్ నుంచి వచ్చేది దానికి దాదాపు వంద రెట్లు ఉంటుంది, పైగా ఎల్పీ రికార్డు మీద గాడి కోసేటప్పుడే బేస్ తగ్గించి ట్రెబుల్ పెంచి కోస్తారు (1954 నుంచి ఆర్‌ఐఏఏ కర్వ్ అనే లెక్క ప్రకారం), దాన్ని వెనక్కి సరిచేసేది కూడా ఈ ప్రీయాంపే.

ముందు ప్లేయర్ వెనకాల చూడండి, ఫోనో, లైన్ అని చిన్న స్విచ్ ఉంటే ప్రీయాంప్ లోపలే ఉన్నట్టు, ఆడియో టెక్నికా ఎల్పీ60ఎక్స్ అనే ప్లేయర్‌లో అలాగే ఉంటుంది. లైన్ వైపు జరిపి ఎరుపు తెలుపు ఆర్‌సీఏ పిన్నులు పవర్డ్ స్పీకర్లకి (యాంప్లిఫైయర్ లోపలే ఉన్నవి) గుచ్చేయడమే, మీ స్పీకర్లకి హెడ్‌ఫోన్ పిన్ను మాత్రమే ఉంటే ఆర్‌సీఏ టు 3.5 ఎంఎం కేబుల్ తీసుకోండి చాలు. స్విచ్ లేకపోతే బయట చిన్న ప్రీయాంప్ బాక్స్ కొనాల్సిందే, అప్పుడు ప్లేయర్ గ్రౌండ్ వైర్‌ని ఆ బాక్స్ స్క్రూకి బిగించండి, లేదంటే గుయ్‌మని ఒకటే హమ్.

ఇంకోటి, స్పీకర్లు, ప్లేయర్ ఒకే టేబుల్ మీద మాత్రం పెట్టొద్దు, ఆ అదురు సూదికి తగిలి బేస్ అంతా బూమ్‌మని మోగుతుంది.