డాక్టర్ సలహా: ఆ ట్యూబు ఎవరిచ్చారు?

ప్రశ్న: నాకు 43 ఏళ్లు, మిర్యాలగూడలో రైస్ మిల్లులో పని. మా నాన్నలాగే బ్రష్, సబ్బు, పాత స్టీలు రేజర్‌తోనే గడ్డం గీసుకుంటాను. ముందు వేడినీళ్లతో చర్మ రంధ్రాలు తెరిచి, చివర్లో చల్లనీళ్లతో మూసి, పటిక రుద్దుతాను. నున్నగా రావాలని ఉల్టా కూడా గీస్తాను. అయినా మెడ మీద, దవడ కింద ఎర్ర పొక్కులు వస్తున్నాయి. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు నాలుగు నెలలుగా వాడుతున్నాను, రాస్తే తగ్గుతుంది, ఆపితే మళ్లీ వస్తుంది. నిరుడు ఒక క్యాంపులో షుగర్ 212 వచ్చింది, కానీ అప్పుడే టిఫిన్ తిన్నాను. బ్రష్ మానేసి ఫోమ్ వాడాలా? గీస్తే వెంట్రుక మందమవుతుందంటారు, 16 ఏళ్ల మా అబ్బాయిని గీసుకోనివ్వచ్చా?

జవాబు: మీ ప్రశ్నంతా బ్రష్ గురించి. నేను మాత్రం ట్యూబు దగ్గరా, ఆ 212 దగ్గరా ఆగిపోయాను, కాబట్టి ముందు అవే.

రాస్తే తగ్గి ఆపితే వచ్చేదంటే, చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ, అందులో స్టిరాయిడ్ ఉందనే నా అనుమానం. ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, వీటిలో ఏది కనిపించినా అది గడ్డానికి రాసుకునే మందు కాదు, అందులోనూ క్లోబెటసాల్ చాలా ఘాటైన రకం. రెండు రోజుల్లో ఎరుపు, దురద పోతాయి, అందుకే అందరికీ నచ్చుతుంది. నెలల తరబడి రాస్తే ముఖం మీద చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, కొత్తగా మొటిమల్లాంటివి లేస్తాయి, లోపల తామర ఉంటే అది రూపు మార్చుకుని పాకుతుంది, చివరికి మాకు కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. పోయిన వారం ఒకాయన చొక్కా జేబులోంచి ట్యూబు తీశాడు, టూత్‌పేస్ట్ లాగా అడుగు నుంచి చుట్టుకుంటూ పైదాకా వచ్చాడు, పేరు అరిగిపోయింది. ఎన్నోది అంటే "లెక్క పెట్టలేదు సార్" అన్నాడు. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టిరాయిడ్ క్రీములకు డాక్టర్ చీటీ తప్పనిసరి చేసింది, చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితా షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అయినా మీరు చీటీ లేకుండా అడిగారు, వాళ్లు ఇచ్చారు. తప్పు ఇద్దరిదీ.

అలాగని ఇది చదివి రేపే ట్యూబు చెత్తబుట్టలో వేయకండి. ఒక్కసారిగా ఆపితే కొందరికి ముఖం భగ్గుమని ఎర్రబడి మండుతుంది, ఆ మంటకు భయపడి మళ్లీ అదే ట్యూబు కొంటారు. ఎలా తగ్గిస్తూ రావాలో చర్మ డాక్టర్ చూసి చెప్పాలి, ఈ వారంలోనే వెళ్లండి.

ఇక షుగర్. "అప్పుడే తిన్నాను సార్" అనని పేషెంటును నేనింకా చూడలేదు. తిన్నాక కూడా మామూలు మనిషికి 212 దాకా పోవడం అరుదు. పరగడుపున 126 లేదా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు) 6.5, ఆ పైన ఏది వచ్చినా షుగర్ ఉన్నట్టే లెక్క, ఇంకోసారి చేసి ఖాయం చేసుకుంటాం. ఏడాదిగా మళ్లీ చూపించుకోలేదంటే నాకు కోపమే వస్తోంది. షుగర్ అదుపులో లేకపోతే చిన్న గీతలో కూడా చీము పడుతుంది, సెగగడ్డలు లేస్తాయి. ముక్కుకూ పై పెదవికీ మధ్య గడ్డ లేస్తే గోటితో నొక్కకండి, అరుదే గానీ అక్కడి చీము రక్తనాళాల గుండా మెదడు దాకా పోయే దారి ఉంది. జ్వరమో, కంటి చుట్టూ వాపో వస్తే తెల్లారేదాకా ఆగొద్దు.

ఇప్పుడు గడ్డం. చర్మ రంధ్రాలకు తలుపులేం లేవు, వేడినీళ్లకు తెరుచుకోవు, చల్లనీళ్లకు మూసుకోవు. తడి చేసేది వెంట్రుక మెత్తబడటానికి, దానికి గోరువెచ్చని నీళ్లతో రెండు మూడు నిమిషాలు చాలు. బ్రష్‌కూ ఫోమ్‌కూ పెద్ద తేడా లేదు, బ్రష్ వాడితే మగ్గులో నానబెట్టకుండా దులిపి ఆరబెట్టండి. (మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో సరిగా శుద్ధి చేయని గుర్రపు వెంట్రుకల బ్రష్‌ల వల్ల ఆంత్రాక్స్ అనే ప్రాణాంతక జబ్బు వచ్చింది. మీకు వస్తుందని కాదు, గుర్తొచ్చి చెప్పాను.) బోరు నీళ్లయితే సబ్బు నురగ రాదు, ఉప్పునీళ్ల గుణం అది, ఆ ఒక్క మగ్గు నల్లా నీళ్లు పట్టుకోండి.

పొక్కులకు అసలు కారణం చాలావరకు ఆ ఉల్టా గీతే. చర్మం లాగిపట్టి ఎదురు గీస్తే వెంట్రుక చర్మం కిందికి తెగి, మళ్లీ మొలిచేటప్పుడు బయటికి రాక లోపలే గుచ్చుకుంటుంది. మెడ మీద వెంట్రుకలు ఒకే వైపు ఉండవు, వేళ్లతో తడిమి ఎటు వాలి ఉన్నాయో చూసి అటే, ఒక్కసారే గీయండి. కొంచెం గరుకుగా ఉంటే ఉండనివ్వండి. పొక్కులు మానేదాకా అసలు గీయకపోతే ఇంకా మంచిది, ట్రిమ్మర్‌తో సరిపెట్టుకోండి.

పటిక మన నల్లగొండకు కొత్త కాదు, ఫ్లోరైడ్ నీళ్లను శుద్ధి చేసే 'నల్లగొండ టెక్నిక్' నడిచేదే పటిక, సున్నంతో. అది చిన్న గీత నెత్తురు ఆపుతుంది గానీ క్రిముల్ని చంపేస్తుందని నమ్ముకోవద్దు. కటింగ్ షాపులో పది మందికి రుద్దిన పటిక గడ్డను మీ చెంపకు రానివ్వకండి, బ్లేడు కొత్తది మీ ముందే విప్పమనండి. హెపటైటిస్ బి వైరస్ ఎండిన నెత్తురులో కూడా కనీసం 7 రోజులు బతుకుతుంది. దానికి టీకా ఉంది, వేయించుకోకపోతే అదీ అడగండి. గడ్డం గీశాక రాసే లోషన్ మండితే పనిచేస్తున్నట్టు కాదు, మండుతున్నట్టే.

మీ అబ్బాయి నిక్షేపంగా గీసుకోవచ్చు. 1928లోనే ఒక అమెరికన్ పరిశోధకురాలు కొలిచి చూసింది, గీస్తే వెంట్రుక మందమూ కాదు, త్వరగానూ పెరగదు, మొన తెగి మొద్దుగా తగులుతుంది అంతే. మీ రేజర్ మాత్రం వాడికివ్వకండి, వేరేది కొనివ్వండి. చర్మ డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు ఆ ట్యూబు ఖాళీ అయినా సరే పట్టుకుపోండి, పరగడుపున పోతే షుగర్ టెస్టుకు నెత్తురు కూడా అప్పుడే ఇవ్వచ్చు.