ఒక్క కమిట్ తప్పినందుకు తోట తాకట్టా?

ప్రశ్న: మేడమ్, మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. కొబ్బరి రైతును. మా అబ్బాయి భీమవరంలో బీటెక్ కంప్యూటర్ సైన్స్ చివరి సంవత్సరం చదువుతూ, ఇంటి నుంచే ఒక చిన్న కంపెనీకి ఇంటర్న్‌షిప్ చేస్తున్నాడు. పోయిన శుక్రవారం ఒక బ్రాంచిలోని ఒకే ఒక్క కమిట్‌ను రిలీజ్ బ్రాంచికి కాపీ చేయమన్నారట. చేశాడు. దాంతో సోమవారం విడుదల కావలసిన యాప్ ఆగిపోయిందట. టీమ్ లీడర్ అందరూ ఉన్న గ్రూపులో ‘ముందు బేసిక్స్ నేర్చుకో’ అని రాశాడు. నాలుగు రోజులుగా వాడు గది తలుపు తీయడం లేదు. నేనే ఆ టీమ్ లీడర్‌కు ఫోను చేసి మాట్లాడాను. హైదరాబాద్‌లో ఆరు నెలల డెవాప్స్ కోర్సు ఉంది. ఫీజు లక్షన్నర, ఉద్యోగం గ్యారంటీ అంటున్నారు. మా ఎదురింటి అబ్బాయి అదే చేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. తోట మీద అప్పు తెచ్చి చేర్పిద్దామనుకుంటున్నాను. ఇంటర్న్‌షిప్ మంచిదా, కోర్సు మంచిదా, పోల్చి చెప్పండి. వాడి దగ్గరున్న స్క్రీన్‌షాట్లు జతచేశాను. ఈ నష్టాన్ని కంపెనీ మా మీద వేస్తుందా?

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు కొత్త కాదండీ. కంపెనీ మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, తాకట్టు పెట్టబోయే ఆస్తి ఒకసారి కొబ్బరితోట అయితే ఇంకోసారి రొయ్యల చెరువు అవుతుంది. మీరు రెండు ప్రశ్నలు అడిగారు గానీ, రెండింటి కిందా ఉన్నది ఒకటే: ‘మా వాడు ఈ పనికి పనికిరాడేమో.’ దానికి జవాబు ముందే చెప్పేస్తాను. పనికొస్తాడు. స్క్రీన్‌షాట్లు చూసే చెబుతున్నాను, ఓదార్పు కోసం కాదు.

జరిగింది మీకు అర్థమయ్యేలా చెబుతాను. మీకు కొబ్బరి దింపుల లెక్కలు రాసుకునే అలవాటు ఉండే ఉంటుంది. అలాంటి పుస్తకాలు రెండు ఉన్నాయనుకోండి. ఒకటి రోజూ రాసే చిత్తు పుస్తకం, ఇంకోటి వ్యాపారి ముందు పెట్టే పక్కా పుస్తకం. చిత్తులో ఈ నెల ఇరవై పద్దులు పడ్డాయి. అందులో పదిహేడోది ఒక్కటే పక్కా పుస్తకంలోకి ఎత్తి రాయమన్నారు. ఆ పద్దులో ‘పై బాకీలో సగం జమ’ అని ఉంది. అక్షరం పొల్లుపోకుండా ఎత్తి రాశారు. కానీ ఆ పై బాకీ ఉన్నది పద్నాలుగో పద్దులో. అది పక్కా పుస్తకంలోకి రానే లేదు. ఇప్పుడు ఆ సగం దేనిలో సగం?

మీ అబ్బాయి చేసింది అక్షరాలా ఇదే. కోడ్‌లో చేసిన ఒక మార్పును పద్దులా రాసి పెడితే అదే కమిట్. ఆ కంపెనీ వాళ్లు రోజూ రాసే కోడ్ ఒక బ్రాంచిలో ఉంటుంది, వినియోగదారులకు వెళ్లే కోడ్ రిలీజ్ బ్రాంచిలో ఉంటుంది. బ్రాంచి అంటే పాయ అనుకోండి, ధవళేశ్వరం దాటాక గౌతమి ఒకవైపు, వశిష్ఠ ఒకవైపు పోయినట్టు. ఒక పాయలోని మార్పులన్నీ రెండో పాయలో కలిపితే దాన్ని మెర్జ్ అంటారు. అన్నీ వద్దు, ఫలానా మార్పు ఒక్కటే కావాలంటే చెర్రీ-పిక్ అంటారు. బిల్లు గడువు తేదీ తప్పుగా చూపిస్తున్న బగ్‌ను సరిచేసిన కమిట్‌ను చెర్రీ-పిక్ చేయమన్నారు. రెండో స్క్రీన్‌షాట్‌లో స్పష్టంగా కనిపిస్తోంది: ఆ కమిట్, తేదీ సరిచూసే ఒక ఫంక్షన్‌ను, అంటే ఆ ఒక్క పని చేసే కోడ్ ముక్కను, పిలుస్తోంది. ఆ ఫంక్షన్ పుట్టింది అంతకు రెండు రోజుల ముందు, ఇంకొకరు చేసిన వేరే కమిట్‌లో. అదే మీ పద్నాలుగో పద్దు. రిలీజ్ బ్రాంచిలో అది లేదు.

ఇక్కడ పెద్దవాళ్లు కూడా బోల్తా పడే చోటు ఒకటుంది. కోడ్‌లో మార్పుల లెక్క రాసే సాఫ్ట్‌వేర్ పేరు గిట్. కాపీ చేసేటప్పుడు అది ఏమీ అడ్డు చెప్పలేదు. కాన్‌ఫ్లిక్ట్, అంటే రెండు మార్పులు ఢీకొన్నాయన్న హెచ్చరిక, రాలేదు. కాన్‌ఫ్లిక్ట్ రాలేదంటే అంతా బాగుందనే అనుకుంటారు ఎవరైనా. కానీ గిట్ చూసేది వరసల్లోని అక్షరాలను. ఈ మార్పుకు చుట్టుపక్కల ఉండాల్సిన వరసలు అక్కడా ఉన్నాయా, మధ్యలో ఎవరైనా వాటిని మార్చారా, అంతవరకే. ఆ వరసకు అర్థమేమిటో, అది పిలిచే ఫంక్షన్ ఆ ఇంట్లో ఉందో లేదో దానికి పట్టదు. 2005లో లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం గిట్‌ను రాసిన నాటి నుంచీ అది అంతే, అది దాని లోపమూ కాదు. కోడ్‌ను బిల్డ్ చేసి, అంటే యాప్‌గా తయారుచేసి, నడిపి చూడటం మనిషి పని. మీ అబ్బాయి ఆ ఒక్క మెట్టు ఎక్కకుండా వదిలేశాడు. శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు ఆ పని అప్పజెప్పారని మొదటి స్క్రీన్‌షాట్‌లో సమయం చెబుతోంది. ఆ గంటకు నేనైనా వదిలేసేదాన్నేమో.

వదిలేశాను కూడా. ఉద్యోగంలో చేరి మూడేళ్లయ్యాక, ఇంటర్న్‌ను కాను, నాలుగు కమిట్లను వరసగా రిలీజ్ బ్రాంచికి తెమ్మన్నారు. ఒక్కొక్కటిగా ఎందుకని, మొదటిదాని నంబరు, చివరిదాని నంబరు రాసి మధ్యలో రెండు చుక్కలు పెట్టాను. రెండు చుక్కలు పెడితే మొదటి కమిట్ లెక్కలోకి రాదు, దాని తర్వాతవి మాత్రమే వస్తాయి. మొదటిది కూడా కావాలంటే దాని నంబరు పక్కన టోపీ గుర్తు (^) పెట్టాలి. నాకు తెలియదు. మూడే వచ్చాయి. తప్పు ఎక్కడుందో నాకు దొరికేసరికి రాత్రి పదకొండయింది. మా మేనేజర్ అన్న మాటలు ఇక్కడ రాయను. అప్పట్లో నాకు తలుపు వేసుకోవడానికి సొంత గది కూడా లేదు, హాస్టల్.

ఇప్పుడు అబ్బాయికి చెప్పవలసినవి. ఈ భాగం మీరు చదవకుండా అతని చేతికే ఇవ్వండి. బాబూ, చెర్రీ-పిక్ చేసే ముందు ఆ కమిట్‌ను గిట్ షోతో తెరిచి చూడు. అది తాకిన ప్రతి ఫైలుకూ, అది పిలిచే ఫంక్షన్లు ఉన్న ఫైళ్లకూ రెండు బ్రాంచీల్లో లాగ్ పక్కపక్కన పెట్టి చూడు. ఇక్కడ ఉండి అక్కడ లేని కమిట్లు ఏవో తెలిసిపోతాయి. అవసరమైనవి కనిపిస్తే పాతదాని నుంచి కొత్తదానికి, అదే వరసలో తీసుకెళ్లు. మైనస్ ఎక్స్ వేసి చేస్తే, ఏ కమిట్ నుంచి తెచ్చావో సందేశం చివర ఒక వరస చేరుతుంది. ఆరు నెలల తర్వాత ‘ఇది ఎక్కడి నుంచి వచ్చింది’ అని ఎవరో అడుగుతారు, అప్పుడు ఆ వరసే నీకు సాక్ష్యం. కాన్‌ఫ్లిక్ట్ వస్తే కంగారుపడి చేతికొచ్చినట్టు చెరిపేయకు. అబార్ట్ అంటే మొదలుపెట్టక ముందు ఎలా ఉందో అలాగే అయిపోతుంది. ఇంకో సంగతి. కాపీ చేసిన కమిట్‌కు కొత్త నంబరు వస్తుంది, ఎందుకంటే దాని ముందున్న కమిట్ మారింది, చేసిన సమయమూ మారింది. అయినా ఆథర్‌గా అసలు రాసినవాళ్ల పేరే ఉంటుంది, కమిటర్‌గా మాత్రమే నీ పేరు పడుతుంది. ఈ తేడా ఎందుకో ఇంటర్వ్యూలో అడిగితే నీ శుక్రవారం కథే చెప్పు. కోర్సులో వల్లెవేసినవాడికి ఆ కథ ఉండదు.

మళ్లీ మీతో. డెవాప్స్ మీద నాకున్న అనుమానాలు దాచుకోను. ఆ పని చెడ్డదని కాదు, మంచి పనే. ఆ పేరు జనం నోట పడింది 2009లో, బెల్జియంలోని గెంట్ నగరంలో జరిగిన ఒక సమావేశం తర్వాత. కోడ్ రాసేవాళ్లకూ దాన్ని సర్వర్ల మీద నడిపేవాళ్లకూ ఉన్న పేచీ తీర్చడానికి పుట్టిన పద్ధతి అది. అంటే ఆ పేచీలో కొన్నాళ్లు నలిగినవాళ్లకే దాని రుచి తెలుస్తుంది. చదువు ఇంకా పూర్తికాని కుర్రాడి చేతికి, లక్షల మంది వాడే సర్వర్ల తాళాలు ఏ కంపెనీ ఇస్తుంది? ఇచ్చే కంపెనీలు లేవనడం లేదు. వాటిలో చేరినవాళ్లకు రాత్రి రెండింటికి ఫోను మోగుతుంది, పక్కన నేర్పే మనిషి ఉండడు.

ఆరు నెలల కోర్సు కరపత్రాల్లో సాధారణంగా డాకర్, కుబర్నెటిస్, జెంకిన్స్, టెరాఫార్మ్ అని సాఫ్ట్‌వేర్ పనిముట్ల పేర్లు బారులు తీరి ఉంటాయి. మీరు కడియం నర్సరీలో అంటుమామిడి కొనేటప్పుడు ఆకుల నవనవ చూసి డబ్బిస్తారా? కవరు పైకెత్తి కింద వేరు చూస్తారు, అంటు కట్టిన చోట వేలితో తడిమి చూస్తారు. ఈ పేర్లన్నీ ఆకులు. వేరు ఏమిటంటే లినక్స్ మీద చేయి తిరగడం, నెట్‌వర్క్ ఎలా పనిచేస్తుందో తెలియడం, చిన్న చిన్న స్క్రిప్టులు రాయగలగడం, గిట్. ఇవి డబ్బు పెట్టకుండా నేర్చుకోవచ్చు. గిట్ సొంత వెబ్‌సైటులోనే ఒక పూర్తి పుస్తకం ఉచితంగా ఉంది. లినక్స్ కావాలంటే పాత లాప్‌టాప్ చాలు.

ఇక ఆ గ్యారంటీ. ఫోనులో ‘గ్యారంటీ’ అంటారు. కాగితం మీద ‘ఉద్యోగానికి సహకారం’ అని ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన తల్లిదండ్రులు చూపించిన కాగితాల్లో ఎక్కువ వాటిలో అంతే ఉంది. ఉద్యోగం రాకపోతే ఫీజు ఎన్ని రోజుల్లో వెనక్కిస్తారో రాసి సంతకం పెట్టమని అడగండి. అడిగాక వాళ్ల గొంతు ఎలా మారుతుందో వినండి, మీకు నాకంటే బాగా అర్థమవుతుంది. వెయ్యి కాయల ధర దగ్గర అంబాజీపేట వ్యాపారితో గంటసేపు బేరమాడే మనిషి లక్షన్నర దగ్గర బేరం మరచిపోవడం నాకు ఎప్పటికీ వింతే.

ఎదురింటి అబ్బాయి సంగతి. అతను కోర్సు చేశాడు, ఉద్యోగం వచ్చింది, రెండూ నిజమే కావచ్చు. కోర్సుకు ముందు అతను ఏమి చేశాడో మీకు తెలుసా? రెండేళ్లు ఎక్కడో సపోర్టు ఉద్యోగం చేశాడేమో, బెంగళూరులో మేనమామ ఉన్నాడేమో. మీరు అతని జీవితంలోంచి పదిహేడో పద్దు ఒక్కటి తీసి మీ అబ్బాయి పుస్తకంలో రాయాలని చూస్తున్నారు. కొడుకు చేసిన తప్పుకు అంత కంగారుపడి, అదే తప్పు మీరు లక్షన్నర ఖర్చుపెట్టి చేస్తానంటే ఎలా?

కటువుగా ఉంటే మన్నించండి, కానీ ఫోను సంగతి వదలను. టీమ్ లీడర్‌కు మీరు ఫోను చేయకూడదు. ఇరవై ఒకటో ఏట ఉన్న మనిషి తరఫున నాన్న ఫోను చేస్తే అక్కడ అతని పరువు ఏమవుతుంది? కమిట్ తప్పు ఇంకో కమిట్‌తో సర్దుకుంటుంది. ఈ ఫోను సంగతి ఆ గ్రూపులో చాలాకాలం గుర్తుంటుంది. తోట తాకట్టు మాట కూడా భోజనాల దగ్గర అతను వినేలా అనే ఉంటారు. నాలుగు రోజులుగా తలుపు మూసి ఉన్నది టీమ్ లీడర్ మాటకే అనుకుంటున్నారా? మీ వాడికి తన తప్పు ఖరీదు లక్షన్నర అని మీరే చెప్పారు.

పోల్చి చెప్పమన్నారు. ఇంటర్న్‌షిప్‌లో ఉండనివ్వండి. అక్కడ నిజమైన కోడ్ ఉంది, నిజమైన గడువు ఉంది, తప్పు చేస్తే పట్టుకునే పరీక్ష ఉంది. కోర్సులో ఈ మూడూ బొమ్మలే. డిగ్రీ చేతికొచ్చి, ఏడాది రెండేళ్లు పనిచేశాక, డెవాప్స్ వైపు వెళ్లాలని అతనికే అనిపిస్తే వెళ్తాడు, అప్పుడు ఫీజు కూడా తన జీతంలోంచే కట్టుకుంటాడు. పోలిక ఇంతకంటే పొడవుగా రాయడానికి నాకేమీ కనిపించడం లేదు. సెమిస్టర్ మార్కులు, క్యాంపస్ పరీక్షల గురించి మీరు అడగలేదు, మంచిదే, అవి కాలేజీ వాళ్లు చూసుకుంటారు.

నష్టం మీ మీద వేస్తారా అన్నారు. యాప్ విడుదల కాకముందే ఆగింది. అంటే వాళ్ల పరీక్షల్లో దొరికిందన్నమాట, ఆ పరీక్షలు ఉన్నదే అందుకు. ఒక ఇంటర్న్ చేసిన కమిట్ రెండో మనిషి చూడకుండా రిలీజ్ బ్రాంచిలోకి వెళ్లిందంటే అందులో ఆ టీమ్ లీడర్ వాటా కూడా ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు, అందుకే గ్రూపులో అంత గట్టిగా అరిచాడని నా అనుమానం. మూడో స్క్రీన్‌షాట్ చూడండి, మంగళవారం పొద్దున్న ఎవరో ఆ లేని కమిట్‌ను కూడా తెచ్చి కలిపారు, బిల్డ్ పచ్చగా కనిపిస్తోంది, అంటే సరిగ్గా తయారైందని. రెండు రోజుల క్రితమే అయిపోయిన పని అది. అబ్బాయి దాన్ని సరిగ్గా గమనించినట్టు లేడు. తలుపు తట్టి, ముందు ఆ బొమ్మ చూపించండి.